ఇచ్చేసిన డబ్బు ఎక్కడుంది?

మొన్న సంక్రాంతికి గరివిడి వెళ్ళినప్పుడు మా లెక్కల మేష్టారు కనబడ్డారు. ఆయన రిటైరై చాలా ఏళ్ళయింది. ఇంకో ఇద్దరు రిటైరైన మేష్టర్లతో కలిసి చిన్న సొసైటీ పెట్టి, రెండు గదులు అద్దెకి తీసుకుని, చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చే పదో తరగతి పిల్లలకి సాయంత్రాలు ఉచితంగా చదువు చెప్తున్నారు. కుశల ప్రశ్నలన్నీ అయ్యాక, నెమ్మదిగా అడిగారు.

"ఏటి బాబూ, మీ అన్న డబ్బు ఇచ్చేసేనన్నాడు గదా. మరది ఎక్కడుంది?"

నేను నీళ్ళు నమిలాను. ఎందుకంటే మా అన్నయ్య అబద్ధమాడలేదు. డబ్బు నిజంగానే ఇచ్చేశాడు, అదీ మూడేళ్ళ క్రితమే. ఆ సంవత్సరం పన్ను లెక్కల్లో దానం కింద చూపించుకుంటే అమెరికా ప్రభుత్వం కూడా సరేనంది. మేష్టారి సొసైటీకి మాత్రం రూపాయి చేరలేదు. మధ్యలో ఎవరూ తినెయ్యలేదు, ఎవరూ మోసం చెయ్యలేదు. అన్నీ చట్టప్రకారమే జరిగాయి. డబ్బు మాత్రం దారిలో ఉండిపోయింది.

ఆ దారి పేరు డోనర్ అడ్వైజ్డ్ ఫండ్. ముద్దుగా డాఫ్. మన సాఫ్ట్‌వేర్ జనాల్లో, ముఖ్యంగా అమెరికాలో స్టాకులు చేతికొచ్చినవాళ్ళలో, ఈ మధ్య ఈ మాట బాగా వినబడుతోంది. నాకు దీంతో ఇంకో రకమైన చుట్టరికం కూడా ఉంది. నేను విశాఖలో కూర్చుని రాసే సాఫ్ట్‌వేర్‌ని అమెరికాలో ఫైనాన్షియల్ అడ్వైజర్లు వాడతారు. వాళ్ళ క్లయింట్ల డాఫ్ ఖాతాల్లోకి డబ్బు రావడం, అక్కణ్ణించి సేవాసంస్థలకి వెళ్ళడం.. ఆ రెండు పనుల తెరలూ మా టీము రాసినవే. అంటే ఈ దారిలో కొన్ని గుంతలు నా చేతుల మీదుగా తవ్వినవే అన్నమాట.

అసలు సంగతేమిటో తెలియనివాళ్ళ కోసం కొంచెం. తెలిసినవాళ్ళు ఓ నాలుగు పేరాలు దాటెయ్యండి.

డాఫ్ అంటే దాత సలహా మీద నడిచే నిధి. మీరు ఒక పెద్ద దాతృత్వ సంస్థలో ఖాతా తెరిచి, అందులో డబ్బో షేర్లో వేస్తారు. వేసిన క్షణంలో అది మీది కాదు, ఆ సంస్థది. వెనక్కి తీసుకోవడం కుదరదు. పన్ను మినహాయింపు మాత్రం ఆ సంవత్సరమే వస్తుంది. తర్వాత తీరిగ్గా, "ఇందులోంచి ఫలానా సంస్థకి ఇంత ఇవ్వండి" అని మీరు సలహా ఇస్తారు. సలహా మాత్రమే. ఆజ్ఞ కాదు. తుది నిర్ణయం ఖాతా నడిపే సంస్థదే.

ఇదేం కొత్త వింత కాదు. న్యూయార్క్ కమ్యూనిటీ ట్రస్ట్‌లో 1931లోనే మొదలైంది. 1991లో ఫిడెలిటీ, తర్వాత 1997లో వాన్‌గార్డ్, 1999లో ష్వాబ్ ఈ పనికోసం విడిగా సంస్థలు పెట్టాక మధ్యతరగతి దాకా పాకింది. చట్టంలో దీనికో నిర్వచనం రాసింది 2006లో. 2016కి వచ్చేసరికి, అమెరికాలో అందరికన్నా ఎక్కువ విరాళాలు అందుకున్న సంస్థగా ఫిడెలిటీ వారి దాతృత్వ విభాగం యునైటెడ్ వేని దాటేసింది. 2023 నాటికి ఈ ఖాతాలన్నిట్లో కలిపి 250 బిలియన్ డాలర్లకి పైగా పోగుపడింది.

మనవాళ్ళకి ఇది ఎందుకు నచ్చుతుందో చిన్న లెక్క. వెస్ట్ అయిన రోజు 5 వేల డాలర్లున్న షేర్లు, ఏడాది దాటి అట్టేపెట్టుకుంటే, 20 వేలయ్యాయనుకుందాం. అమ్మి దానం చేస్తే 15 వేల లాభం మీద 15 శాతం, అంటే 2,250 డాలర్లు పన్ను. అమ్మకుండా షేర్లే డాఫ్‌లో వేసేస్తే ఆ పన్ను లేదు. పైగా 24 శాతం శ్లాబులో ఉండి, ఖర్చులన్నీ విడివిడిగా చూపించుకునేవాళ్ళయితే, 20 వేల మీద మరో 4,800 దాకా కలిసొస్తుంది. (2026 నుంచి ఆదాయంలో అర శాతం దాటిన దానానికే మినహాయింపు, కాబట్టి ఇది కొంచెం తగ్గుతుంది.) 2017 చివర్లో వచ్చిన పన్ను చట్టంతో స్టాండర్డ్ డిడక్షన్ దాదాపు రెట్టింపయ్యాక, నాలుగైదేళ్ళ దానం ఒకే ఏడాది డాఫ్‌లో వేసెయ్యమని అడ్వైజర్లు చెప్పడం మొదలెట్టారు. లెక్క ప్రకారం అది మంచి సలహాయే. కాదనను.

నా గొడవంతా ఆ తర్వాతి సలహా లేకపోవడం గురించే.

మా తెరల సంగతి చెప్తా. డబ్బు లోపలికి వచ్చే పని మూడు క్లిక్కుల్లో అయిపోతుంది. ప్రతి నవంబరులోనూ ఆ పేజీని ఇంకా నున్నగా చెయ్యమని మాకు పని పడుతుంది. డిసెంబరు మొదటివారం నుంచి "సంవత్సరం ముగుస్తోంది, ఇంకా సమయం ఉంది" అంటూ గుర్తుచేసే మెయిళ్ళు. మరి డబ్బు బయటికెళ్ళే పేజీ? సంస్థ పేరు, పన్ను నంబరు, చిరునామా, ఉద్దేశం, ఎవరి పేరున ఇవ్వాలి, ప్రతిఫలమేమీ లేదని హామీ.. ఇలా పదకొండు గళ్ళు. అందులో సగం తప్పనిసరే, చట్టానికి కావాలి. కానీ ఆ పేజీ గురించి గుర్తుచేసే మెయిలు ఒక్కటీ లేదు. "మీ ఖాతాలోంచి రెండేళ్ళుగా ఎవరికీ ఏమీ వెళ్ళలేదు" అని చెప్పే చిన్న ఎర్ర చుక్క పెడదామని ఓసారి మీటింగులో అన్నాను. బాగుందన్నారు. బ్యాక్‌లాగ్‌లో వేశారు. బ్యాక్‌లాగ్ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు కదా!

ఎందుకిలా అంటే, బయటికి పంపి తీరాలనే గడువు లేదు కాబట్టి. సొంత ఫౌండేషన్ పెట్టుకుంటే ఏటా ఆస్తిలో సుమారు 5 శాతం ఖర్చుపెట్టి తీరాలి. డాఫ్‌కి అలాంటి నియమం లేదు. 2021లో ఇద్దరు సెనేటర్లు, ఒకాయన స్వతంత్రుడూ ఒకాయన రిపబ్లికనూ, 15 ఏళ్ళ గడువు పెడదామని బిల్లు తెచ్చారు గానీ అది చట్టం కాలేదు.

రెండో కారణం చెప్పుకోవడానికి కాస్త ఇబ్బందిగా ఉంటుంది. క్లయింటు డాఫ్ డబ్బుని కూడా చాలాచోట్ల అడ్వైజరే మదుపు చేస్తాడు. దాని మీద ఫీజు తీసుకుంటాడు. 5 లక్షల డాలర్ల ఖాతా మీద ఏడాదికి 1 శాతమంటే 5 వేల డాలర్లు. క్లయింటు ఆ 5 లక్షలూ ఆసుపత్రికి ఇచ్చేస్తే ఆ ఫీజు సున్నా. ఎవరూ కావాలని ఆపుతున్నారని నేననను. నేను చూసిన అడ్వైజర్లలో మంచివాళ్ళున్నారు. కానీ ఆదాయం తగ్గే పనిని తనంతట తను గుర్తుచేసే మనిషి లోకంలో ఎక్కడైనా అరుదే. దాత సొంత పెట్టుబడులు చూసే అడ్వైజరే డాఫ్ డబ్బుని కూడా చూస్తూ అందులోంచి ఫీజు తీసుకుంటే, దాని మీద పన్ను పడేలా 2023 నవంబరులో ఐఆర్ఎస్ ఓ ప్రతిపాదన తెచ్చింది. పెద్ద గోలే అయింది. గోల అయిందంటేనే అక్కడేదో ఉందని నాకనిపించింది.

సరే, ఇప్పుడు మేష్టారి డబ్బు దగ్గరికి వద్దాం.

మా అన్నయ్య మొదటి ఏడాది మర్చిపోయాడు. (గుర్తుచేసే మెయిలు లేదుగా!) రెండో ఏడాది మేష్టారి సొసైటీ పేరు ఎక్కించి సలహా పంపాడు. వారంలో తిరస్కరించారు. అమెరికాలో నమోదైన దాతృత్వ సంస్థలకి ఇచ్చినంత సులువుగా విదేశీ సంస్థలకి ఇవ్వడం కుదరదు. అవి అక్కడి సేవాసంస్థలకి సమానమని ప్రత్యేకంగా నిర్ధారించుకోవాలి, లేదా ప్రతి డాలరు ఖర్చునీ అడిగి రాబట్టుకోవాలి. రెండు గదుల ట్యూషన్ కోసం అంత శ్రమ ఎవరు పడతారు?

మూడో ఏడాది ఇండియాకి డబ్బు చేరవేసే ఓ అమెరికా సంస్థ ద్వారా ప్రయత్నించాడు. అమెరికా వైపు గేటు తెరుచుకుంది. ఇండియా వైపు గేటు పడింది. విదేశీ విరాళాలు తీసుకోవాలంటే మన సంస్థకి ఎఫ్‌సీఆర్ఏ నమోదు ఉండాలి. దానికి సంస్థ పెట్టి మూడేళ్ళవ్వాలి, ఆ మూడేళ్ళలో అసలు పనిమీద కనీసం 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. మేష్టారి సొసైటీ ఖర్చు ఏడాదికి రెండు లక్షలు దాటదు. అద్దె, కరెంటు, పుస్తకాలు, పరీక్షల ముందు పిల్లలకి సాయంత్రం పూట ఉప్మా. మూడేళ్ళు కలిపినా ఆరు లక్షలు. పొదుపుగా నడుపుతున్నారు కాబట్టే వాళ్ళకి అర్హత లేదు. ఒక్కో విరాళానికి ముందస్తు అనుమతి తెచ్చుకునే దారి ఇంకోటుంది గానీ, ఢిల్లీ చుట్టూ తిరగ్గలిగే వయసూ ఓపికా మా మేష్టర్లకి లేవు.

పోనీ నమోదున్న పెద్ద సంస్థ తీసుకుని వీళ్ళకి ఇస్తే? 2020 సెప్టెంబరు దాకా కొన్ని షరతులమీద అది కుదిరేది. ఆ నెలలో చట్టం సవరించి, విదేశీ విరాళం అందుకున్న సంస్థ మరో సంస్థకి బదిలీ చెయ్యకూడదన్నారు. ఊళ్ళలో ఉన్న చిన్నచిన్న సొసైటీలకి నీరందించే పిల్లకాలవ ఆ రోజుతో మూసుకుపోయింది.

ఇక్కడ ఒక తమాషా ఉంది, మనవాళ్ళలో చాలామందికి తెలియనిది. మా అన్నయ్య గ్రీన్ కార్డు వరసలో పదేళ్ళుగా నిలబడ్డ పుణ్యమా అని ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే. ఇండియా పౌరుడు విదేశంలో సంపాదించిన సొంత డబ్బుని మామూలుగా బ్యాంకు ద్వారా పంపిస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. ఎఫ్‌సీఆర్ఏ గొడవే లేదు. అదే డబ్బు డాఫ్‌లో వేసి పంపితే? ఇప్పుడు ఇస్తున్నది అమెరికా సంస్థ, కాబట్టి విదేశీ విరాళం! అంటే, జీతంలోంచి నేరుగా పంపుంటే వారంలో గరివిడి చేరే డబ్బు, పన్ను కలిసొస్తుందని ఒక అడుగు పక్కకి వేసినందుకు ఇక ఎప్పటికీ చేరదు. (అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళకి నేరుగా పంపే వీలు కూడా లేదు. ఓసీఐ కార్డున్నా చట్టం దృష్టిలో విదేశీ దాతే.)

ఈ సంగతి డాఫ్‌లో షేర్లు వెయ్యకముందు ఒక్కరు చెప్పుంటే చాలేది. మా అన్నయ్య అడ్వైజరు చెప్పలేదు. ఎందుకంటే, "ఈ డబ్బు ఎవరికి చేరాలని మీ కోరిక?" అని ఆయన అడగలేదు. "ఈ ఏడాది మీ ఆదాయమెంత?" అని మాత్రం అడిగాడు. నా మట్టుకు నాకు ఈ మొత్తం కథలో ఉన్న తప్పు అదొక్కటే. ప్రశ్నల వరస తిరగబడింది. పన్నుకోసం దారి ఎంచుకుంటే, ఆ దారి ఎక్కడికి పోతే దానమూ అక్కడికే పోతుంది.

కాబట్టి క్లయింట్లకి దానం విషయంలో సాయం చేస్తామనే అడ్వైజర్లు (వాళ్ళలో మన తెలుగువాళ్ళు కూడా ఇప్పుడు చాలామందే ఉన్నారు) ఖాతా తెరిపించే రోజే నాలుగు పనులు చెయ్యాలంటాను.

ఒకటి, ఎవరికి ఇవ్వాలనుకుంటున్నారో ముందు పేర్లు రాయించాలి. ఆ పేర్లలో డాఫ్ ద్వారా చేరేవేవో చేరనివేవో అప్పుడే విడదియ్యాలి. ఫలానా కుర్రాడి కాలేజీ ఫీజు కట్టాలంటే డాఫ్ పనికిరాదు, మనిషికి నేరుగా ఇవ్వకూడదు. తెలుగు సంఘం మహాసభల బాంక్వెట్ టిక్కెట్టుకీ పనికిరాదు, దాతకి తిరిగి లాభం ఉండకూడదు. ఊళ్ళో చిన్న సొసైటీకీ పనికిరాదు. అమెరికాలో తోడు సంస్థ ఉన్న పెద్ద సంస్థలకి మాత్రం చక్కగా పనికొస్తుంది. ఉదాహరణకి విశాఖలో కూడా ఆసుపత్రి ఉన్న ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకి అక్కడ ఇండో అమెరికన్ ఐ కేర్ సొసైటీ ఉంది.

రెండు, పైన తేలినదాన్ని బట్టే డాఫ్‌లో ఎంత వెయ్యాలో, జేబులో ఎంత ఉంచుకోవాలో చెప్పాలి. ఊరికి నేరుగా పంపిన డబ్బుకి అమెరికాలో మినహాయింపు రాదు. రాకపోతే రాకపోయింది. ఆ మాట క్లయింటుకి చెప్పి, నిర్ణయం ఆయనకి వదిలెయ్యాలి.

మూడు, ఏడాదికి ఒక రోజు. పన్నుకి డిసెంబరు ఉన్నట్టు, పంపడానికీ ఒక తేదీ. తల్లిదండ్రుల తద్దినమో, పిల్లల పుట్టినరోజో, ఏదైనా సరే. ఆ రోజు అడ్వైజరు ఫోన్ చేసి "ఈసారి ఎవరికి?" అని అడగాలి. చట్టం పెట్టని గడువుని మనమే పెట్టుకోవాలి.

నాలుగు, నా తర్వాత ఎవరు అన్నది రాయించాలి. వారసుల పేర్లు లేకపోతే మిగిలినదాన్ని ఏం చెయ్యాలో ఖాతా నడిపే సంస్థ తన నిబంధనల ప్రకారం చూసుకుంటుంది.

ఈ నాలుగోది రాస్తుంటే మా విజయనగరం గుర్తొచ్చింది. 1958లో పీవీజీ రాజు గారు తన తండ్రి అలక్ నారాయణ గజపతి పేరున మాన్సాస్ ట్రస్టు పెట్టి, వేల ఎకరాలు రాసిచ్చారు. 2020లో ఆ ట్రస్టు అధ్యక్ష పదవి మీద పెద్ద వివాదం నడిచింది. అంతవరకూ ఉన్న అశోక్ గజపతి రాజు గారిని తప్పించి ప్రభుత్వం వేరేవారిని నియమించడం, 2021 జూన్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులు కొట్టేసి ఆయన్ని తిరిగి కూర్చోబెట్టడం మనందరికీ తెలిసిందే. ఇచ్చేసిన ఆస్తి మీద ఎవరి మాట చెల్లుతుందన్న ప్రశ్న అరవై ఏళ్ళ తర్వాత కూడా కోర్టుకెక్కగలదు. అయితే అంత గొడవలోనూ ఎం.ఆర్. కాలేజీలో చదువుకున్నవాళ్ళు మా జిల్లాలో ఇంటికొకరు దొరుకుతారు. మా మేష్టారూ అక్కడే బీయస్సీ. ఆ భూమి దస్తావేజుల్లోనే ఉండిపోలేదు, చదువై మా ఊరి దాకా వచ్చింది.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. డాఫ్‌లన్నీ కలిపి చూస్తే ఏటా ఉన్నదాంట్లో 20 శాతం పైనే బయటికి వెళ్తోందని లెక్కలు చెప్తాయి. ఫౌండేషన్ల 5 శాతంతో పోలిస్తే చాలా మెరుగు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అప్పటికే పక్కన పెట్టిన డబ్బు ఉండబట్టే అంత త్వరగా సాయం పంపగలిగారు. ఒప్పుకుంటాను. కానీ సగటు అనేది ఎలాంటిదో డేటాతో పనిచేసే మనకి తెలుసు. ఒకడు 40 శాతం ఇచ్చి ఇంకొకడు సున్నా ఇచ్చినా సగటు 20 శాతమే. నేను మాట్లాడుతున్నది ఆ సున్నా ఖాతాల గురించి. వాటి వెనక ఉన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. డబ్బు వేసిన రోజునే ఇచ్చేశామన్న తృప్తి వాళ్ళకి వచ్చేసింది, అంతే. తృప్తి ముందొచ్చేస్తే పని వెనకబడుతుంది.

మా చిన్నప్పుడు గరివిడిలో రైలు పట్టాల పక్కన మాంగనీసు రాయి గుట్టలు గుట్టలుగా పోసి ఉండేది. ఎన్ని టన్నులున్నా అది రాయే. ఫేకర్ కొలిమిలో పడ్డాకే దానికో పేరూ ధరా. డాఫ్‌లో పడున్న డబ్బుని చూస్తే నాకు ఆ గుట్టలే గుర్తొస్తాయి.

చివరికి ఏమైందంటారా? డాఫ్‌లో ఉన్నది వెనక్కి రాదు కాబట్టి, ఆ మొత్తం కంటి ఆపరేషన్లకి పంపమని అన్నయ్య ఈ ఫిబ్రవరిలో సలహా రాశాడు. పది రోజుల్లో వెళ్ళిపోయింది. మేష్టారి సొసైటీకి ఒక ఏడాది ఖర్చు తన జీతంలోంచి, మామూలు బ్యాంకు బదిలీలో పంపాడు. మినహాయింపు లేదు, గళ్ళు నింపే పని లేదు. మేష్టారు రసీదు చేత్తో రాసి, ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపారు. కింద "అందినది" అని రాసి సంతకం పెట్టారు.

మా పోర్టల్లో ఆ మాటకి గడి లేదు. "పంపబడినది" దగ్గరే ఆగిపోతుంది మా ప్రోగ్రాము. ఎర్ర చుక్కతో పాటు దీన్ని కూడా ఈ సోమవారం మీటింగులో మళ్ళీ అడుగుతాను.